నష్టం పద్దులో, టవర్ కొండ మీద: బీఎస్‌ఎన్‌ఎల్ పాతికేళ్ళ లెక్క



పోయిన సమావేశంలో ఎజెండాలో లేని విషయమొకటి గంటకు పైగా నడిచింది. రాలేకపోయిన వాళ్ళ కోసం ముందు అది చెప్తాం. సభ్యుల ఫోన్ నంబర్ల పుస్తకం మళ్ళీ అచ్చు వేయించాలని అనుకున్నాం కదా. పాత పుస్తకం తిరగేస్తే సగానికి సగం నంబర్లు బీఎస్‌ఎన్‌ఎల్‌వే. కుర్రాళ్ళు కొందరు లేచి, "ఆ కంపెనీ ఎప్పుడు మూతపడుతుందో తెలీదు, పెద్దవాళ్ళందరి నంబర్లూ వేరే నెట్‌వర్క్‌కి మార్పించేద్దాం, ఆ తరవాతే పుస్తకం వేద్దాం" అన్నారు. పెద్దలు ఒప్పుకోలేదు. ఒకాయన ఫోన్ తీసి, పదిహేడేళ్ళ తరవాత బీఎస్‌ఎన్‌ఎల్‌కి లాభం వచ్చిందన్న వార్త చదివారు. పక్కనే కూర్చున్న కుర్రాడు తన ఫోన్ తీసి, అదే కంపెనీకి మూడు నెలల్లో వెయ్యి కోట్లు దాటిన నష్టమన్న వార్త చదివాడు. టీ చల్లారింది గానీ వాదన చల్లారలేదు.

రెండు వార్తలూ నిజమే. ఎలా నిజమో తెలియాలంటే పాతికేళ్ళ లెక్క చూడాలి. ఆ లెక్క మన నందపూర్ సీమలో కూర్చుని చూస్తే ఒకలా కనిపిస్తుంది, విశాఖలోనో భువనేశ్వర్‌లోనో కూర్చుని చూస్తే ఇంకోలా కనిపిస్తుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాం. ఓపిగ్గా చదవండి.

మనం ఉన్న చోటు సంగతి ముందు. నందపూర్ రాజుల సీమ, తరవాత జయపురం సంస్థానం, 1936 దాకా మద్రాసు రాజధానిలో విశాఖపట్నం జిల్లాలో భాగం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు అటు వెళ్ళింది. 1992లో పెద్ద కోరాపుట్ జిల్లా నాలుగైంది, రాయగడ వేరే జిల్లా అయింది. గీత ఎక్కడ పడ్డా మన చుట్టరికాలు ఎప్పటిలాగే ఉండిపోయాయి. కూతురు పార్వతీపురంలో, అన్నయ్య సాలూరులో, మేనమామ విజయనగరంలో, మనం రాయగడలోనో గుణుపురంలోనో సునాబెడలోనో. మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రానికి వచ్చిన కుటుంబాలు, సునాబెడ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీకీ, దమన్‌జోడి నాల్కోకీ, జేకేపురం కాగితపు మిల్లుకీ వచ్చిన కుటుంబాలు అన్నీ ఇంతే. ఇక్కడ జీతం, అక్కడ అమ్మానాన్న.

టెలికాం సర్కిళ్ళను రాష్ట్రాల సరిహద్దులను బట్టే గీశారు. రాయగడ ఒడిశా సర్కిల్, పార్వతీపురం ఆంధ్రా సర్కిల్. బస్సెక్కితే పూట పట్టని దూరం, ఫోన్‌లో మాత్రం వేరే దేశమన్నంత. కోరాపుట్ కోడ్ 06852, జయపురం 06854, రాయగడ 06856 అని మనలో చాలామందికి ఇప్పటికీ నోటికొచ్చు. అవతలి వైపు విజయనగరం 08922, విశాఖ 0891. ఈ అంకెలు తిప్పడానికి పసుపు బోర్డు ఉన్న ఎస్టీడీ బూత్ ముందు రాత్రి పొద్దుపోయే దాకా నిలబడ్డ వాళ్ళం మనం. పగలు పూర్తి రేటు, రాత్రి గడిచేకొద్దీ సగం, ఆఖరికి పావు. ఆ పావు రేటు కోసం చంటిపిల్లల్ని భుజాన వేసుకుని వరసలో నిలబడ్డారు మన అమ్మలు. లోపలున్న మనిషి "అందరూ బాగున్నారా" అని మొదలుపెట్టి, మీటర్‌లో ఎర్ర అంకెలు గబగబా మారుతుంటే చూసి, సగం మాటలో పెట్టేసేవాడు. ఏడుపు కబుర్లయితే బూత్ వాడే తల పక్కకి తిప్పుకునేవాడు.

అప్పట్లో మనకి తెలియని సంగతి ఒకటుంది. ఆ ఎస్టీడీ డబ్బే ఊళ్ళలో ఎక్స్‌ఛేంజీలను నడిపింది. టెలికాం శాఖ లెక్క అలా ఉండేది: లోకల్ కాల్, నెల అద్దె ఖర్చు కన్నా తక్కువకి ఇవ్వాలి, ఆ లోటు దూరపు కాల్స్ మీద పూడ్చుకోవాలి. సరిహద్దు మీద ఉన్న మనకి చుట్టాలతో మాట్లాడే ప్రతి మాటా దూరపు కాలే. అంటే ఈ సీమ తెలుగువాళ్ళు తెలియకుండానే ఆ లోటు పూడ్చడంలో తమ వాటాకి మించే ఇచ్చారు. ఇది ఎవరూ లెక్క కట్టి చెప్పింది కాదు, బూత్ బిల్లులు కట్టిన వాళ్ళుగా మేం అనుకుంటున్న మాట.

2000 అక్టోబరు 1న ఆ శాఖ కంపెనీ అయింది. భారత్ సంచార్ నిగమ్ లిమిటెడ్. ఢిల్లీ, ముంబై నగరాలు అప్పటికే ఎంటీఎన్‌ఎల్ చేతిలో ఉన్నాయి. దేశంలో బాగా డబ్బొచ్చే రెండు నగరాలు పక్కకి పోగా, మిగిలిన దేశమంతా, అందులో మన కొండలతో సహా, బీఎస్‌ఎన్‌ఎల్ పాలబడింది. 2002 అక్టోబరులో సెల్ సర్వీసు మొదలుపెట్టింది. సెల్‌వన్, ఎక్సెల్ అన్న పేర్లు గుర్తున్నాయా? సిమ్ కార్డు కోసం టెలిఫోన్ ఆఫీసు ముందు బారులు తీరిన రోజులవి.

ఇక అంకెలు. 2004-05లో బీఎస్‌ఎన్‌ఎల్ లాభం 10,183 కోట్లు. మరుసటి ఏడాది 8,940 కోట్లు, ఆదాయం 40 వేల కోట్ల పైన. అప్పుడు ఈ కంపెనీని చూసి దేశమంతా ఈర్ష్య పడింది. తరవాత వరసగా చదవండి: 7,806 కోట్లు, 3,009 కోట్లు, 575 కోట్లు. 2009-10లో మొదటిసారి నష్టం, 1,823 కోట్లు. ఆ తరవాత 6,384, ఆ పైన 8,851. ఐదారేళ్ళలో కొండ మీంచి లోయలోకి.

ఈ పతనానికి "గవర్నమెంటు ఉద్యోగులు పని చెయ్యరు" అన్న ఒక్క మాటతో జవాబు చెప్పేసేవాళ్ళు మన సమావేశంలోనూ ఉన్నారు. ఆ మాట పూర్తిగా అబద్ధమని అనం. అయితే లాభం వచ్చిన ఏళ్ళలోనూ ఉద్యోగులు వాళ్ళే. మారింది వేరే.

2003 నుంచి ప్రైవేటు కంపెనీలు బీఎస్‌ఎన్‌ఎల్‌కి యాక్సెస్ డెఫిసిట్ చార్జ్ అని ఒకటి కట్టేవి. పల్లెల్లో ఖర్చు కన్నా తక్కువకి ల్యాండ్‌లైన్ నడుపుతున్నందుకు పరిహారం అన్నమాట. ఎస్టీడీ లాభంతో పూడ్చుకునే పాత పద్ధతికి వారసురాలు ఇది. మొదట్లో ఏడాదికి దాదాపు 5 వేల కోట్లు, 2007-08 నాటికి దాదాపు 2 వేల కోట్లకి దిగింది, 2008లో ఎత్తేశారు. 2004-05 నాటి పదివేల కోట్ల లాభాన్ని దీని పక్కన పెట్టి చూడండి. అందులో సగం దాకా ఈ పరిహారమే. దీనికి తోడు కొన్నాళ్ళు ప్రభుత్వం లైసెన్స్ ఫీజు కూడా తిరిగి ఇచ్చింది. అంటే ఆ రోజుల్లో బీఎస్‌ఎన్‌ఎల్ సంపాదించిన లాభం మనం అనుకున్నంత లాభం కాదు. పల్లె ఫోన్ల ఖర్చు ఎవరో ఒకరు భరిస్తున్నంత కాలం ఆ పద్దు పచ్చగా ఉంది. భరించడం మానగానే ఎర్రబడింది. పల్లె ఫోన్లు మాత్రం అక్కడే ఉన్నాయి.

మాకు నచ్చిన సంగతి ఒకటి ఈ మధ్యలోనే జరిగింది, అది కూడా చెప్పాలి. 2006 మార్చి 1 నుంచి వన్ ఇండియా ప్లాన్. దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి. ఆ రోజుతో రాయగడ, పార్వతీపురం మధ్య గీత ఫోన్‌లో చెరిగిపోయింది. బూత్‌లు ఒక్కొక్కటే జిరాక్స్ షాపులయ్యాయి. మనకి పండగ. కంపెనీ పద్దులో మాత్రం ఎస్టీడీ ఆదాయం ఆవిరి. రోమింగ్ మిగిలింది: రైలు కూనేరు వైపు దిగి ఆంధ్రా టవర్ అందుకోగానే వచ్చిన కాల్‌కి కూడా డబ్బు కట్. అందుకే మనలో చాలామంది జేబులో రెండు సిమ్‌లు, ఒకటి ఒడిశాది, ఒకటి ఆంధ్రాది. 2015 జూన్ 15 నుంచి బీఎస్‌ఎన్‌ఎల్ రోమింగ్‌లో ఇన్‌కమింగ్ ఉచితం చేసింది. పెద్ద ప్రైవేటు కంపెనీలు అందుకోవడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. మన పెద్దలకి ఈ కంపెనీ మీద ఉన్న అభిమానంలో సగం ఇక్కడ పుట్టిందే. కుర్రాళ్ళు అది అర్థం చేసుకోవాలి.

పతనానికి రెండో కారణం 2010. త్రీజీ స్పెక్ట్రమ్ వేలం జరిగింది. బీఎస్‌ఎన్‌ఎల్ వేలంలో పాడలేదు, అయినా ప్రైవేటు వాళ్ళు పాడిన ధరే కట్టాలన్నారు. త్రీజీకి, దానితో పాటు ఇచ్చిన బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రమ్‌కి కలిపి సుమారు 18,500 కోట్లు. అందులో బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రమ్ పెద్దగా పనికి రాక కొన్ని సర్కిళ్ళలో తరవాత తిరిగి ఇచ్చేశారు కూడా. బ్యాంకులో 30 వేల కోట్ల స్థాయిలో ఉన్న నిల్వకి పెద్ద గండి పడింది ఇక్కడే.

మూడోది టెండర్లు. దేశం సెల్‌ఫోన్ల కోసం ఎగబడుతున్న రోజుల్లో, నాలుగున్నర కోట్ల లైన్ల టెండర్ కోర్టులకెక్కి, ఆలస్యమై, 2007లో సగానికి తగ్గింది. తరవాత 9 కోట్ల 30 లక్షల లైన్ల టెండర్ 2010లో పూర్తిగా రద్దయింది. అమ్మడానికి సరుకు లేని షాపులా అయింది కంపెనీ పరిస్థితి. కొనేవాళ్ళు పక్క షాపుకి వెళ్ళారు. ఆ రద్దుకి సిఫార్సు చేసిన కమిటీకి అధ్యక్షుడు శామ్ పిట్రోడా. ఆయన పుట్టింది టిట్లాగఢ్‌లో, మన రాయగడ మీదుగా పోయే విజయనగరం, రాయ్‌పూర్ లైన్ మీద పెద్ద జంక్షన్. 1984లో సీడాట్ పెట్టించి, ఏసీ గది అక్కర్లేని చిన్న ఎక్స్‌ఛేంజీని మనలాంటి పల్లెల కోసం తయారు చేయించిన మనిషీ ఆయనే. ఊరి ఎక్స్‌ఛేంజీ ఇచ్చిన చెయ్యీ, టెండర్ వద్దన్న చెయ్యీ ఒకటే. అవినీతి ఆరోపణల మధ్య ఆ టెండర్ కొనసాగించి ఉంటే మంచి జరిగేదా అన్నది వేరే వాదన, దానిలోకి మేం దిగం. సీడాట్ పేరు మాత్రం గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు మన కొండల సంగతికి వద్దాం. అసలు విషయం ఇక్కడే ఉంది.

1990ల్లో సెల్ లైసెన్సులు ఇచ్చినప్పుడు సర్కిళ్ళకి తరగతులు పెట్టారు. ఆంధ్ర 'ఎ' తరగతి, ఒడిశా 'సి' తరగతి. వ్యాపారానికి అంతగా పనికిరాదని ముందే ముద్ర. ఒడిశాలో కూడా భువనేశ్వర్, కటక్, రూర్కెలా వేరు, నందపూర్, లమతాపుట్, పాడువా వేరు. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి మన కోరాపుట్ జిల్లాలోనే ఉంది, 1,672 మీటర్లు. చూడ్డానికి అందం. టవర్ సిగ్నల్‌కి మాత్రం ప్రతి కొండా ఒక గోడే. మైదానంలో ఒక టవర్ పదూళ్ళకి సరిపోతే, ఇక్కడ రెండూళ్ళకే ఒకటి కావాలి. కరెంటు నమ్మకం లేదు, డీజిల్ మోయాలి, కేబుల్ తెగితే వెతుక్కుంటూ ఘాట్ దిగాలి. వీటికి తోడు మావోయిస్టుల రోజుల్లో మల్కాన్‌గిరి వైపు టవర్లను తగలబెట్టడం, పేల్చడం మనకి తెలిసిందే.

ఇంతకు ముందు పల్లెకో ఫోన్ ఇవ్వాలని రేడియోతో నడిచే పంచాయతీ ఫోన్లు పెట్టారు. అవి పదేపదే చెడిపోయి, దేశం మొత్తం మీద లక్షా ఎనభై వేలకు పైగా అలాంటి ఫోన్లను ప్రభుత్వ నిధితో మార్చాల్సి వచ్చింది. ఆ నిధి పేరు యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్, ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం అందులోకి వెళ్తుంది. 2014లో మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలకి టవర్లు మంజూరైనప్పుడు ఆ నిధితోనే బీఎస్‌ఎన్‌ఎల్ 2,300కి పైగా టవర్లు నిలబెట్టింది. టూజీనే. కానీ మొట్టమొదటిసారి గంట మోగిన పల్లెకి టూజీ ఏమిటి, ఫోర్‌జీ ఏమిటి?

ఫోన్ మోగడం విలువ మనకి 2017 జనవరి 21 రాత్రి మళ్ళీ తెలిసింది. జగదల్‌పూర్ నుంచి భువనేశ్వర్ వెళ్ళే హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రాయగడ దాటాక కూనేరు దగ్గర పట్టాలు తప్పింది. నలభై మంది దాకా పోయారు. కోరాపుట్‌లో, రాయగడలో రైలెక్కించి ఇంటికొచ్చి పడుకున్న వాళ్ళు అర్ధరాత్రి లేచి ఫోన్లు పట్టుకున్నారు. అవతల మోగుతోందా లేదా అన్నదే ఆ రాత్రి బతుకూ చావూ. మనలో ఆ రాత్రి ఫోన్ చెవిన పెట్టుకుని తెల్లార్చిన వాళ్ళున్నారు. టెలికాం కంపెనీల లాభనష్టాల గురించి మాట్లాడుతుంటే మాకు ముందు ఆ రాత్రే గుర్తొస్తుంది.

మళ్ళీ పద్దుకి వద్దాం. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. డేటా దాదాపు ఉచితం. ఫోర్‌జీ లేని బీఎస్‌ఎన్‌ఎల్ నిలబడలేకపోయింది. 2018-19లో నష్టం 14,904 కోట్లు, 2019-20లో 15,500 కోట్లు. వచ్చిన ఆదాయంలో 75 శాతం దాకా జీతాలకే పోయే స్థితి. 2019 అక్టోబరులో కేంద్రం దాదాపు 69 వేల కోట్ల పునరుద్ధరణ పథకం ప్రకటించింది. అందులో భాగంగా స్వచ్ఛంద పదవీ విరమణ. 2020 జనవరి 31న ఒక్క రోజున 78,569 మంది బయటికొచ్చారు. మన సంఘంలో అలా వచ్చిన వాళ్ళున్నారు. వాళ్ళలో ఒకాయన సమావేశంలో మాట్లాడుతూ, ఏ కల్వర్టు కింద ఏ జాయింట్ ఉందో తన నోట్‌బుక్‌లో రాసుకున్నానని, ఆ పుస్తకం ఇప్పటికీ ఇంట్లోనే ఉందని అన్నారు. జీతాల భారం సగం తగ్గడం పద్దులో కనిపిస్తుంది. 2020-21లో నష్టం 7,441 కోట్లకి దిగింది. ఆ నోట్‌బుక్ మాత్రం ఏ పద్దులోనూ కనిపించదు.

తరవాత ఇంకో రెండు ప్యాకేజీలు. 2022 జులైలో 1.64 లక్షల కోట్లు, 2023 జూన్‌లో 89,047 కోట్లు. ఈ అంకెలు చూసి "ఇన్ని లక్షల కోట్లు పోశారా" అని గుండెలు బాదుకునే వాళ్ళకి చిన్న వివరం. 2022 ప్యాకేజీలో చేతికిచ్చే నగదు సుమారు 44 వేల కోట్లే, మిగతా 1.2 లక్షల కోట్లు స్పెక్ట్రమ్ కేటాయింపులూ, బాకీని వాటాగా మార్చడమూ లాంటివి. 2023 నాటిది మొత్తం ఫోర్‌జీ, ఫైవ్‌జీ స్పెక్ట్రమ్ విలువే. అంటే ప్రభుత్వం ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టుకున్న భాగం పెద్దది. ఉచితమని మేం అనడం లేదు. ఆ స్పెక్ట్రమ్ ఇంకెవరికైనా అమ్మితే వచ్చే డబ్బు అది. నోట్ల కట్టలు మాత్రం కావు.

ఇక్కడి నుంచి మన సమావేశంలో చదివిన రెండు వార్తలూ అర్థమవుతాయి. 2023-24లో నష్టం 5,370 కోట్లు. 2024-25లో 2,247 కోట్లకి తగ్గింది. ఆ ఏడాది నిర్వహణ ఆదాయం 20,841 కోట్లు, దాదాపు 8 శాతం ఎక్కువ. వడ్డీ, తరుగుదల లెక్కలోకి తీసుకోకముందు మిగిలింది 2,164 కోట్ల నుంచి 5,396 కోట్లకి, అంటే రెట్టింపు దాటింది. ఆ ఏడాది మూడో త్రైమాసికంలో 262 కోట్లు, నాలుగో దానిలో 280 కోట్లు లాభం. పెద్దాయన చదివిన వార్త ఇదే. 2025-26 మొదటి మూడు నెలల్లో మళ్ళీ 1,049 కోట్లు నష్టం, తరవాతి మూడు నెలల్లో 1,357 కోట్లు. కుర్రాడు చదివిన వార్త ఇదీ.

ఒక్కసారిగా వ్యాపారం పడిపోయిందా అంటే, లేదు. మన ఘాట్ రోడ్ల మీద లారీలు నడిపే సభ్యులకి ఇది తేలిగ్గా తెలుస్తుంది. పాత లారీతో తిప్పుతున్నంత కాలం డీజిల్, టైర్ల ఖర్చు పోగా కాస్త మిగులుతుంది. కొత్త లారీ కొన్న ఏడాది అద్దె ఎక్కువే వస్తుంది, కానీ లారీ అరుగుదల కింద ఏటా ఇంతని రాసుకోవాలి, అప్పు చేస్తే వడ్డీ కట్టాలి. పుస్తకంలో నష్టం పడుతుంది. బీఎస్‌ఎన్‌ఎల్ 2024-25లో ఒక్క ఏడాదిలో 26 వేల కోట్లు కొత్త పరికరాల మీద పెట్టింది. ఆ తరుగుదల ఇప్పుడు పుస్తకంలోకి వస్తోంది. కాబట్టి ఆ రెండు త్రైమాసికాల లాభం చూసి మిఠాయిలు పంచడమూ తొందరే, తరవాతి నష్టం చూసి దండ వేయడమూ తొందరే.

ఆ కొత్త పరికరాలేమిటో మన రాష్ట్రంలోనే చూపించారు. 2025 సెప్టెంబరు 27న ఝార్సుగూడలో ప్రధాని స్వదేశీ ఫోర్‌జీ ప్రారంభించారు. దేశమంతటా 97,500కి పైగా టవర్లు, ఖర్చు సుమారు 37 వేల కోట్లు. లోపలి మెదడు సీడాట్‌ది (గుర్తుంచుకోమన్నాం కదా), రేడియో భాగం తేజస్‌ది, అంతా కలిపి కూర్చింది టీసీఎస్. అప్పటిదాకా సిగ్నల్ లేని 26,700కి పైగా పల్లెలకి అందుతుందన్నారు, అందులో ఒడిశావి 2,472. విదేశీ కంపెనీల నుంచి కొనుక్కుంటే మూడు నాలుగేళ్ళ ముందే వచ్చేదని కొందరి వాదన. ఆ మాటలో నిజముంది. 2020లో టెండర్ రద్దు చేసి స్వదేశీ దారి పట్టినందువల్ల పోయిన కాలంలో చందాదారులు కూడా పోయారు. సొంతంగా చేసుకోగలమని తేలడం కూడా చిన్న విషయం కాదు. మా మటుకు మాకు, పోయిన కాలమే ఎక్కువ బాధగా ఉంది.

ఇక ముందుకి ఎలా ఉంటుంది? ఇక్కడ మేం కాస్త కటువుగా మాట్లాడతాం, పెద్దలు మన్నించాలి. టెలికాం వ్యాపారంలో ఆరోగ్యం చూసే నాడి ఒకటుంది: ఒక్కో కనెక్షన్ మీద నెలకి వచ్చే సగటు ఆదాయం. 2025 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల్లో ఎయిర్‌టెల్‌కి అది 256 రూపాయలు, జియోకి 211. బీఎస్‌ఎన్‌ఎల్‌కి 81 నుంచి పెరిగి 91. పెరుగుదల మంచిదే, కానీ పక్కవాళ్ళు సంపాదించే దానిలో సగం కూడా లేదు. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు 11 నుంచి 25 శాతం దాకా పెంచినప్పుడు జనం బీఎస్‌ఎన్‌ఎల్ వైపు తిరిగారు. ఆ ఒక్క నెలలో 29 లక్షల మంది చేరారు. కొద్ది నెలలకే ఆ ఊపు తగ్గి, వచ్చిన వాళ్ళలో చాలామంది వెనక్కి పోయారు. ఫోర్‌జీ అప్పటికి సిద్ధంగా లేకపోవడమే కారణం. అలాంటి అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుందో. 2025-26కి 27,500 కోట్ల ఆదాయం లక్ష్యంగా పెట్టుకుంటే మొదటి ఆరు నెలల్లో వచ్చింది 11,134 కోట్లు. మిగతా ఆరు నెలల్లో దానికి ఒకటిన్నర రెట్లు రావాలి. కష్టం.

మన కొండల మీద ఈ లెక్క ఎలా ఉంటుందో ఊహకి వేసి చూద్దాం. ఒక టవర్ కింద రెండు చిన్న పల్లెలు, రెండొందల ఫోన్లు అనుకుందాం. తలా 91 రూపాయలు. నెలకి 18,200. అందులోంచి కరెంటు బిల్లు, బ్యాటరీలు, డీజిల్, ఉపగ్రహం లింకో కేబులో దాని ఖర్చు, చెడితే జీపేసుకుని వచ్చే మనిషి జీతం. ఎన్ని విధాల చూసినా మిగలదు. ప్రైవేటు కంపెనీకైనా మిగలదు. అందుకే 2022 జులైలో 26,316 కోట్లతో మంజూరైన ఫోర్‌జీ పథకంలో టవర్ కట్టే ఖర్చుతో పాటు ఐదేళ్ళ నిర్వహణ ఖర్చు కూడా ప్రభుత్వ నిధే భరించేలా పెట్టారు. ఆలోచించి పెట్టిన ఏర్పాటే. ఎస్టీడీ డబ్బు చేసిన పని, ఆ తరవాత యాక్సెస్ చార్జ్ చేసిన పని, ఇప్పుడు ఈ నిధి చేస్తోంది.

ఆరో ఏడు మాటేమిటి? మన సమావేశంలో ఇటు వాళ్ళు గానీ అటు వాళ్ళు గానీ అడగని ప్రశ్న ఇది. 2008లో పరిహారం ఆగింది, 2009-10లో కంపెనీ నష్టాల్లోకి జారింది. ఈ ఐదేళ్ళూ అయ్యాక కొండ టవర్ల ఖర్చు కంపెనీ మీద పడితే మళ్ళీ అదే కథ. అప్పుడు పత్రికల్లో వచ్చేది "బీఎస్‌ఎన్‌ఎల్‌కి మళ్ళీ నష్టం" అన్న వార్తే, "లమతాపుట్ టవర్‌కి డీజిల్ ఎవరు పోస్తారు" అన్న వార్త కాదు. మా అభిప్రాయంలో ఈ కంపెనీ రెండు పుస్తకాలు రాయాలి. నగరాల్లో పోటీ పడే వ్యాపారానికి ఒకటి, అందులో నష్టమొస్తే ఎవరి తప్పో అడగాలి. కొండ టవర్లకి ఇంకొకటి. దాన్ని రోడ్డు లెక్క, పీహెచ్‌సీ లెక్క చూసినట్టు చూడాలి. ఘాట్ రోడ్డుకి లాభం ఎంతొచ్చిందని ఎవరూ అడగరు కదా. రెండూ ఒకే పుస్తకంలో కలిపేసినందువల్లే నగరంలో చేతగానితనం కొండ మాటున దాక్కుంటోంది, కొండ ఖర్చు చేతగానితనంలా కనిపిస్తోంది.

కుర్రాళ్ళు దీనికి ఒప్పుకోరని తెలుసు. మొన్న వాదనలో ఒకమ్మాయి అన్న మాటకి మా దగ్గర జవాబు లేదు: "పిల్లలకి ఆన్‌లైన్ పరీక్ష ఉన్న రోజు ఏ కంపెనీ చరిత్రా పనికి రాదు అంకుల్, సిగ్నల్ ఉన్నదే కావాలి." నిజమే. పట్నంలో ఉన్నవాళ్ళు తమకి బాగా అందేది తీసుకోండి, ఇందులో ద్రోహమేమీ లేదు.

చివరికి తేలింది ఇదీ. నంబర్ల పుస్తకం కోసం ఎవరినీ నెట్‌వర్క్ మార్చమని సంఘం అడగదు. పాత నంబర్లు పాత నంబర్లలాగే అచ్చవుతాయి. ప్రతి పేరు పక్కన ఒక కొత్త గడి చేరుస్తున్నాం: మీ ఊళ్ళో, మీ ఇంటి గుమ్మం దగ్గర, ఏ కంపెనీ సిగ్నల్ అందుతోంది, అది టూజీయా ఫోర్‌జీయా, కరెంటు పోతే ఎంతసేపు నిలుస్తుంది. నందపూర్, పాడువా, లమతాపుట్, పొట్టంగి, కాశీపూర్, గుణుపురం వైపు ఉన్న సభ్యులు దీన్ని తప్పకుండా రాసి పంపండి. కొత్త టవర్ ఏదైనా లేస్తే, దాని మీద ఏ పథకం, ఏ ఏడాది అని బోర్డు ఉంటే ఫోటో తీయండి. ఐదేళ్ళు ఎప్పుడు మొదలైందో మన దగ్గరైనా రాసి ఉండాలి.

ఆ కల్వర్టుల నోట్‌బుక్ ఉన్న పెద్దాయన, ఈ వివరాలన్నీ ఒకచోట చేర్చే పని తనకి అప్పగించమన్నారు. ఉంగరాల చేతిరాత ఆయనది, చదవడం కాస్త కష్టం. టైపు చేయడానికి ఆన్‌లైన్ పరీక్ష సంగతి అడిగిన అమ్మాయే ఒప్పుకుంది.